అక్కా, నొక్కనా?

కరెంటు సరిగ్గా ఆ క్షణంలోనే పోయింది. "ఇదిగో, ఇప్పుడు చూడండి. ఈ పేపర్లో ఎవరు ఏ ముక్క రాశారో, ఎవరు ఏ ముక్క చెరిపారో, పేరుతో సహా అంతా దాగి ఉంటుంది. ఏదీ పోదు" అంటూ మేడమ్ విల్యాఫ్లోర్ మౌసు మీద చెయ్యి వేసింది. గోడ మీద తెల్లటి వెలుగు పరుచుకుంది, ఆ వెలుగులో కుడివైపున సన్నటి వరసలు దిగడం మొదలైంది, వరసకో రంగు చుక్క, చుక్క పక్కన పేరు, ఆ పేర్లు ఇంకా మసకమసగ్గానే ఉన్నాయి, అంతలో టప్పుమని అంతా ఆరిపోయింది. ఏసీ ఒక్క మూలుగు మూలిగి ఆగింది. కిటికీలకి నల్లగుడ్డలు కట్టిన గది కాబట్టి మిట్టమధ్యాహ్నమే చీకటి. అందరూ "హ్హా..." అని ఒక్కసారి ఉసూరుమన్నారు. గ్లైడెల్‌కి మాత్రం ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే, ప్రాణం లేచొచ్చినందుకు సిగ్గేసింది. దొంగ ఇంట్లో దూరాక దీపం ఆరిపోతే ఎంత సంతోషిస్తాడో అంత సంతోషం అది, తన ఒంట్లోదే, తనకి తెలుస్తూనే ఉంది.

"ఎవరూ లేవకండి" అంది మేడమ్ చీకట్లోంచి. "రేవు దగ్గర లైను బాగుచేస్తున్నారట, గంటలో వచ్చేస్తుందని పొద్దున్నే చెప్పారు. కూర్చుందాం. ఈ పాఠం ఇవాళ అవగొట్టాల్సిందే." ఫోన్లో చూపించండి మేడమ్ అని ఎవరో అన్నారు. టవరు కూడా పడుకుంది, నీ ఫోన్లో ఒక్క గీత ఉంటే చెప్పు అంది మేడమ్. అప్పుడు వెనక వరసలోంచి జెరిక్ గొంతు. ఒక్క సొంత లాప్‌టాప్ ఉన్నందుకు క్లాసులో సగం తనదే అన్నట్టు మాట్లాడే జెరిక్. "ఒరేయ్ ఉన్యో! కరెంటు కూడా నువ్వే చెరిపేశావేంట్రా?" గదంతా గొల్లుమంది. గ్లైడెల్ ఎడమపక్క కుర్చీలో ఉన్న ఉన్యో కూడా నవ్వాడు, మెల్లిగా, తనని తిట్టినా నవ్వడం మర్యాద అనుకునేవాళ్ళు నవ్వే నవ్వు. అందరికంటే ఒక్క క్షణం ఆలస్యంగా ఇంకో నవ్వు వినపడింది గ్లైడెల్‌కి, అది ఎవరిదో పోల్చుకోవడానికి కాస్త టైం పట్టింది, తీరా చూస్తే తనదే. తన నోట్లోంచే వచ్చింది. పళ్ళు ఇంకా బయటే ఉన్నాయి. మూసుకుంది. చీకటి కాబట్టి సరిపోయింది గానీ, ఆ మొహాన్ని ఎవరైనా చూసి ఉంటే! చీకట్లో మొహం కనపడకపోతే మొహం లేనట్టేనా? ఉంది, వేడిగా ఉంది, చెంపలు కాలుతున్నాయి, ఏసీ ఆగినందుకు కాదు.

రోడ్డు మీద వడ్లు. అదీ వాళ్ళ పేపరు. మన్‌సలాయ్ ఊరి నించి రేవు దాకా కొత్తగా వేసిన సిమెంటు రోడ్డు మీద కోతల కాలంలో సగం రోడ్డు వడ్లకి, సగం బళ్ళకి. ఆరబోసినవాళ్ళతో మాట్లాడి, వాళ్ళేమన్నారో రాసి, ఇంటర్నెట్‌లో ఇంకెవరేమన్నారో వెతికి, ఎవరి మాట ఎవరిదో చెప్పి మరీ రాయాలి. మొదటి ఏడాది పిల్లలకి అది మొదటి పరిశోధన. జెరిక్, షైరా, ఉన్యో, తను. మేడమ్ ఒక్క ఫైలు తెరిచి నలుగురికీ పంపింది. "అందరూ ఇందులోనే రాయండి" అంది. ఇందులోనే అంటే ఏమిటో గ్లైడెల్ అడగలేదు. ఎందుకడుగుతుంది? మొదటివారమే జెరిక్ "ఎవరు రాశారు" అన్నచోట "గూగుల్" అని రాస్తే పడీపడీ నవ్వినవాళ్ళలో ముందున్నది తనేగా. ఒకళ్ళని చూసి అంత నవ్వాక ఇంక ఏదీ అడగడానికి నోరు రాదు. పేపరు తన ఫోన్లోకి వచ్చింది. ఫోన్లోకి వచ్చింది కాబట్టి తనది అనుకుంది. ఫొటో పంపితే అంతేగా, పంపినవాళ్ళ దగ్గర ఒకటుంటుంది, వచ్చినవాళ్ళ దగ్గర ఒకటుంటుంది, నా ఫోన్లోది నేను చెరుపుకుంటే నీ ఫోన్లోది చెరిగిపోతుందా? పుట్టి బుద్ధెరిగాక తన చేతికి దొరికిన లోకమంతా ఆ అరచేతంత అద్దంలోనే ఉంది, దాని నియమాలు తనకి కంఠతా వచ్చు. కంప్యూటరు నియమాలు వేరని ఎవరైనా చెబితే కదా. చెప్పారేమో. చెప్పేటప్పుడు తను తెలిసినట్టు తలూపుతూ ఉందేమో.

ఆ ఫోను ఎప్పుడూ నిండిపోయే ఉంటుంది. ఖాళీ లేదు, ఖాళీ లేదు, ఏదైనా తీసెయ్యి అంటుంది, కడుపు నిండినా కంచం ముందు నించి లేవని పసిపిల్లలా. బాప్తిస్మం ఫొటోలు తీసేసింది, జాతర్లో డాన్సు తీసేసింది, ఒకసారి నాయనమ్మ పంపిన గొంతు మెసేజీ కూడా తీసేసింది, ఏముంది అందులో, వచ్చేటప్పుడు వెనిగర్ సీసా తేవే, మర్చిపోకు, అని దగ్గుతూ అంది, అంతే. నెల తిరక్కుండా నాయనమ్మ పోయింది. ఆ దగ్గు కోసం ఫోనంతా గాలించింది తర్వాత. పోనీలే, అది చెరిగితే తనదే చెరిగింది. మొన్న సోమవారం పొద్దున జీప్నీలో, ఆ పొడుగు జీపు బస్సులో, చేపల బుట్టకీ ఒక ముసలాయన మోకాలికీ మధ్య ఇరుక్కుని కూర్చుని ఉండగా మళ్ళీ ఖాళీ లేదంది ఫోను. చూస్తే ఈ పేపరొకటి, చాంతాడంత ఉంది. బరువంతా ఇదేననుకుంది. ముందు చదివింది, చదవకుండా ఏం తీసెయ్యలేదు, అదే ఇప్పుడు ముల్లులా గుచ్చుకుంటోంది. షైరా రాసింది చదివింది, జెరిక్ ఎక్కడినించో ఎత్తుకొచ్చి అతికించింది చదివింది, అట్టడుగున ఉన్యో రాసింది చదివింది. నాలుగే ముక్కలు. లారీ హారన్ మోగితే ఆడవాళ్ళు ముందు పిల్లల్ని లాగుతారు, తర్వాత కుక్కని తోలుతారు, వడ్లని మాత్రం కదపరు, లారీయే పక్కకి పోతుంది అని. బావుందే అనుకుంది కూడా. అనుకుని, వేలు నొక్కిపెట్టి, కింది రాతంతా నీలంగా మార్చి, తుడిచేసింది. తలకాయ మాత్రం ఉంచింది, పేపరు పేరూ నలుగురి పేర్లూ, అది కూడా తీసేస్తే తనని ఈ నలుగురిలోంచే తీసేస్తారేమోనని. వాళ్ళ రాతలు వాళ్ళ దగ్గర ఉంటాయిగా. తర్వాత అడిగి మళ్ళీ వేసుకోవచ్చు. దిగేటప్పుడు డ్రైవరుకి వినపడాలని పైన ఇనపకమ్మీ మీద నాణెంతో టకటకా కొట్టింది, హాయిగా దిగింది, తేలికైన ఫోనూ తనూ.

పక్కనించి ఏదో వాసన. ఉడికిన చిలగడదుంప. ఉన్యో చేతిసంచీ విప్పుతున్నాడు, అరిటాకు చిరిగిన చప్పుడు. "అక్కా, నీక్కూడా" అని చీకట్లో ఆమె చేతిలో ఒకటి పెట్టాడు, ఇంకా కాస్త గోరువెచ్చగా ఉంది, అంత దూరం కొండ దిగి వచ్చినా. "అందరికీ తెచ్చాను. జెరిక్ తిననన్నాడు. షైరా తీసుకుంది." ఎందుకురా అంది గ్లైడెల్, ఎందుకో తెలిసే. "మీ అందరి రాతా పాడుచేశాను కదక్కా. మా వాళ్ళలో ఒకడి చేను ఇంకొకడి మంట వల్ల కాలిపోతే ఊరికే సారీ అనరు, ఏదో ఒకటి మోసుకొచ్చి ఇస్తారు." దుంప ఆమె అరచేతిలో నిప్పులా ఉంది. తింటే? తినకపోతే? పక్కన వాడు నములుతున్న చప్పుడు వినపడుతోంది, తను తినే చప్పుడు కూడా వాడికి వినపడాలి, లేకపోతే అక్కకి కోపం పోలేదనుకుంటాడు. కొరికింది. తియ్యగా ఉంది. ఇంత తియ్యగా ఉండక్కర్లేదు.

వాడు నిజంగానే నమ్మాడు. అదీ సంగతి. ఎవరో నింద వేస్తే నోరు మూసుకున్నవాడు కాదు, తన చెయ్యే చేసిందని మనసా వాచా నమ్మినవాడు. ఆదివారం సాయంత్రం ఇదే గదిలో కూర్చుని రెండు వేళ్ళతో ఆ నాలుగు ముక్కలూ కొట్టాడట, లేవబోతుంటే ఎక్కడ తగిలిందో ఏమో పేజీ అంతా నీలంగా అయిపోయిందట, భయపడి మౌసు వదిలేసి, అడగడానికి ఎవరూ లేక, అన్నీ మూసేసి వెళ్ళిపోయాడట. "ఆ నీలం వల్లేనక్కా" అంటాడు. కాదురా, నీలం ఊరికే నీలం, దాని తర్వాత ఇంకోటి నొక్కితేనే పోతుంది, నువ్వు నొక్కలేదు, నువ్వు రాసిన లారీ హారను సోమవారం పొద్దున నేను చదివాను, నా కళ్ళతో. ఇంత మాటా నాలుక చివర నిలబడి ఉంది నాలుగు రోజులుగా.

సోమవారం మధ్యాహ్నం క్యాంటీన్లో ఫోన్లన్నీ ఒక్కసారి గగ్గోలెత్తినప్పుడే చెప్పాల్సింది. "మన పేపరు బోడిగుండు అయిపోయిందే!" అని షైరా నలుగురి గ్రూపులో రాసింది. గ్లైడెల్ తన ఫోన్లో తెరిచి చూసింది. తలకాయ, నాలుగు పేర్లు, కింద తెల్లగా. తను ఎలా వదిలిందో అచ్చం అలాగే. మెట్లు అయిపోయాయనుకుని కాలు వేస్తే ఇంకో మెట్టు ఉన్నప్పుడు ఒళ్ళంతా ఎలా జారుతుందో అలా జారింది లోపల. అందరిదీ ఒకటే పేపరు! ఒకటే చాప మీద నలుగురు కూర్చున్నారు, తను చాప లాగేసింది. అప్పుడు టైపు చేసింది కూడా, నేనే అని, ఆ రెండక్షరాలు కొట్టింది, పంపేలోపే జెరిక్ రాసేశాడు, నిన్న సాయంత్రం లాబ్‌లో కూర్చున్నది కొండోడే కదా అని. అవును, నేనే అయ్యుంటాను అని ఉన్యో రాశాడు వెంటనే, నీలం గురించీ రాశాడు. తన రెండక్షరాలూ చెరిపేసుకుంది గ్లైడెల్. చెరపడం బాగా వచ్చుగా. చెరిపేసి, వాటి బదులు ఇంకో ముక్క రాసింది. "పాపం, కొత్తవాడు కదా. ఏమనకండి." దానికి షైరా ఒక గుండె బొమ్మ పెట్టింది, నువ్వెంత మంచిదానివే అక్కా అని. ఆ గుండె బొమ్మ ఇంకా ఉంది అక్కడ, ఎర్రగా. జెరిక్ తిట్టాడు, తిట్టు తుడిచేసుకోవచ్చు. తను జాలిపడింది. తన జాలే వాడి మెడకి ఉచ్చు బిగించింది. అదే మాటని ఎన్నిసార్లు లోపల చెప్పుకుంది ఈ నాలుగు రోజుల్లో, పాపం కొత్తవాడు కదా, అన్నం తింటూ, స్నానం చేస్తూ, ఎండుచేప కాలుస్తూ. కొత్తవాడు! నువ్వెంత పాతదానివే?

హైస్కూల్లో కంప్యూటర్లు ఉండేవి, లేకేం. ఇనపచువ్వల వెనకాల, పూలగుడ్డలు కప్పుకుని, పెళ్ళికూతుళ్ళలాగ. పైనించి అధికారులొస్తే గుడ్డలు తీసేవారు, వెళ్ళిపోగానే కప్పేవారు. పిల్లలకేమో మాస్టారు అట్టముక్కల మీద కీబోర్డు బొమ్మ గీసి ఇచ్చాడు, గడులు గడులుగా, అక్షరాలు రాసి. వేళ్ళు గడుల మీద పెట్టి తాళం వేసినట్టు కొట్టాలి, ఆయన పైకి చదువుతుంటే. గ్లైడెల్ క్లాసుకంతా ఫస్టు. అట్ట మీద ఆ పిల్ల వేళ్ళు చూడండిరా అని మాస్టారు అందరికీ చూపించాడు. అట్ట మీద ఎంత కొట్టినా ఏదీ పడదు, ఏదీ చెరగదు, తప్పు కొట్టినా ఎవరికీ తెలియదు. బడి వదలగానే నాన్నకి చెప్పింది, కంప్యూటర్లో ఫస్టొచ్చాను నాన్నా అని. అట్టముక్క సంగతి చెప్పలేదు. మోటారు సైకిలుకి తొట్టి కట్టిన బండి తోలే మనిషి, ఎక్కిన ప్రతివాడికీ చెప్పుకున్నాడు, మా పిల్లకి కంప్యూటరు కొట్టిన పిండి అని. ఊరిపెద్ద ఒకాయన జాతర చందాల కాయితం తెచ్చి టైపు చేసి పెట్టమన్నాడు. గ్లైడెల్ దాన్ని పట్టుకెళ్ళి బజార్లో జెరాక్సు షాపు ఆవిడకి ఇచ్చి, చేయించి, తెచ్చి, నేనే చేశానంది. ఆ రోజు నాన్న మొహం. ఆ మొహాన్నే ఇక్కడిదాకా మోసుకొచ్చింది, కాలేజీ దాకా, ఈ గది దాకా, దాన్ని కింద పడెయ్యకూడదని. ఇవాళ గోడ మీద ఎర్రచుక్క పక్కన తన పేరు పడితే ఎవరో ఒకరు ఫొటో తీస్తారు, ఫొటో ఊళ్ళోకి పోతుంది, బండి ఎక్కిన ఎవడో ఒకడు, ఏవయ్యా మీ పిల్ల అట కదా, అంటాడు. నాన్న బండి నడుపుతూనే ఉంటాడు, వెనక్కి తిరగడు, చెవులు ఎర్రబడతాయి, అంతే. ఆ చెవులు కనపడుతున్నాయి ఇప్పుడు, ఈ చీకట్లో.

"వేడెక్కి చచ్చేలా ఉన్నాం, చెప్పులు కూడా బయటే ఉన్నాయి, ఎవడైనా ఎత్తుకుపోతే?" అంటోంది షైరా. "నీ చెప్పులెవడికి కావాలే, ఉన్యోవైతే మ్యూజియం వాళ్ళు తీసుకుంటారు" అన్నాడు జెరిక్. మళ్ళీ నవ్వులు. ఈసారి గ్లైడెల్ పళ్ళ మీద పళ్ళు బిగించి కూర్చుంది. ఉన్యో చెప్పులు. తెగిన వారుకి తీగ చుట్టుకున్న చెప్పులు. మొదటిరోజు గుమ్మం ముందు వరసలో వాటిని అందరికంటే చివర్న, గోడవైపు తిప్పి పెట్టాడు, ఎవరికీ కనపడకుండా. లోపలికొచ్చి ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడ్డాడు. కూర్చున్నవాళ్ళు పక్క కుర్చీల్లో సంచులు పెట్టుకున్నారు, ఎవరో వస్తారన్నట్టు. గ్లైడెల్ సంచీ తీసింది. రా తమ్ముడూ అంది. అప్పుడు ఎంత పొంగిపోయింది లోపల! వాడి మీద ప్రేమా అది? కాదేమో. ఈ గదిలో తనకంటే తక్కువ తెలిసినవాడు ఒక్కడు దొరికాడు, వాడి పక్కన కూర్చుంటే తను పెద్ద. అంతే. మౌసు మీద వాడి చెయ్యి పెట్టి ఆ చెయ్యి మీద తన చెయ్యి పెట్టి జరిపించింది. వెదురుముక్క మీద కత్తిమొనతో అక్షరాలు గీసే చెయ్యి వాడిది, ఒకసారి చూపించాడు, ఇంత పొడుగు వెదురు మీద చీమల బారులాగ గీతలు, వాళ్ళ మామ నేర్పాడట. ఒకసారి గీస్తే ఇంక పోదక్కా, అందుకే గీసేముందు చాలాసేపు ఆలోచించుకోవాలి అన్నాడు. అందుకే ఇక్కడ కూడా ప్రతిదానికీ ఆగుతాడు. వేలు మౌసు మీద పెట్టి, తిరిగి చూసి, "అక్కా, నొక్కనా?" అంటాడు. నొక్కు. "అక్కా, ఇది నొక్కనా?" నొక్కరా బాబూ, ఏం పేలిపోదు. రోజూ అదే. మొదట్లో ముద్దుగా ఉండేది, తర్వాత విసుగేసింది, ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే లోపలెక్కడో కోసినట్టుంది. అడగకుండా నొక్కినది ఎవరు? ఎవరు నొక్కారు అడక్కుండా?

ఒకరోజు అడిగాడు, "అక్కా, ఇందులో రాసింది తర్వాత ఎక్కడికి పోతుంది? ఎక్కడుంటుంది?" నిజంగా తెలుసుకోవాలని, కళ్ళు పెద్దవి చేసి. తెలియదురా, మేడమ్‌ని అడుగుదాం పద, అంటే అయిపోయేది. ఇద్దరూ కలిసి తెలుసుకునేవాళ్ళు, ఇవాళ ఈ చీకటి ఉండేది కాదు. కానీ అక్క కదా, అక్కకి తెలియకపోవడమేమిటి? "నీ మిషన్లోనే ఉంటుంది. నీది నీ దగ్గర, నాది నా దగ్గర" అంది, టక్కున. వాడు తలూపాడు. పుస్తకంలో రాసుకున్నాడు కూడా. వాడికి చెప్పిన అబద్ధాన్నే తను నమ్మి, దాన్నే పట్టుకుని జీప్నీలో కూర్చుని అందరిదీ తుడిచేసింది.

"అక్కా" అన్నాడు ఉన్యో, గొంతు తగ్గించి. చిలగడదుంప ఆకు మడిచి సంచీలో పెట్టుకుంటున్నట్టున్నాడు. "శనివారం మా వైపు అరటిగెలల లారీ వస్తుంది. దాని మీద వెళ్ళిపోతాను."

"ఎక్కడికి? ఇంటికా? సోమవారం వచ్చేస్తావుగా."

"లేదక్కా. ఇంక రాను." ఎవరో అట్టతో విసురుకుంటున్న చప్పుడు. "నాకు చదువు వస్తుంది. పుస్తకం వస్తుంది, లెక్కలు వస్తాయి. కానీ నా చెయ్యి మంచిది కాదక్కా దీనికి. ముట్టుకుంటే చెడిపోతోంది. రేపు ఇంకెవరిదో పోతుంది, ఎవరికి ఏం మోసుకొచ్చి ఇవ్వను? మా మామతో కలిసి పోడు కొట్టుకుంటాను. మేడమ్‌కి చెప్పి వెళ్దామని ఇవాళ వచ్చాను. గోడ మీద నా పేరు పడ్డాక చెబుదామనుకున్నా. పడితే బావుంటుంది కదా, అందరికీ తెలుస్తుంది, నేను దాచలేదని."

నీ పేరు పడదురా. గోడ మీద నీ పేరు పడదు. ఆదివారం సాయంత్రం నాలుగు ముక్కలు రాసినట్టు పడుతుంది, అంతే. ఈ మాట ఎందుకు బయటికి రాదు? నోరు తెరిచింది. "అంత తొందరపడకు. చూద్దాం" అంది. చూద్దాం! ఏం చూద్దాం? వాడు "సరే అక్కా" అన్నాడు, నిజంగా ఏదో ధైర్యం చెప్పినట్టు. దేవుడా, కరెంటు రాకుండా ఉంటే బావుణ్ణు. ఇవాళ రాకపోతే వాడు శనివారం వెళ్ళిపోతాడు, వెళ్ళిపోయాక చూపించినా... లేదు లేదు, కరెంటు వచ్చేస్తే బావుణ్ణు, తను నోరు తెరవక్కర్లేకుండా గోడే చెప్పేస్తుంది, మొహం చేతుల్లో పెట్టుకుంటే సరిపోతుంది. రెండూ ఒకే నోటితో కోరుకుంది, ఒకదాని వెనక ఒకటి. రెండింట్లోనూ తను చెప్పడం అనేది లేదు. ఎంత తెలివిగా తప్పించుకు తిరుగుతోందో తన మనసు, గిన్నె కింద పెట్టిన ఎలకలాగ గోడగోడకీ పోతోంది. వాడు వెళ్ళిపోతే ఆ కుర్చీలో సంచీ పెట్టుకుంటుందా మళ్ళీ? లారీ మీద అరటిగెలల మధ్య కూర్చుని వెనక్కి చూస్తూ పోతాడు, రోడ్డు మీద వడ్లుంటాయి, లారీయే పక్కకి పోతుంది. అక్కడ వాళ్ళ పిల్లలకి చెబుతాడు, మన చేతులు దానికి పనికిరావురా అని. ఆ పిల్లలు నమ్ముతారు. వాళ్ళ పిల్లలూ నమ్ముతారు. ఒక్క జీప్నీలో ఒక్క వేలు చేసిన పని కొండ మీద అంతమంది చేతుల్ని...

కుర్చీ కాళ్ళు నేల మీద గీసుకున్నాయి. మేడమ్ లేచింది. "ఇంక వచ్చేలా లేదర్రా. ఉడికిపోతున్నారు. వెళ్ళండి, వచ్చేవారం చూద్దాం. రాసింది ఎక్కడికీ పోదు, అక్కడే ఉంటుంది." హమ్మయ్య అంటూ గదంతా లేచింది, సంచులు, మోకాళ్ళు, నా వాటర్ బాటిలేదే, తొక్కకురా నా కాలు, తలుపు తెరుచుకుని బయటి వెలుగు ఒక పలకలా లోపల పడింది. వచ్చేవారం. వారం రోజులు! గ్లైడెల్ ఒళ్ళు తేలికైపోయింది, జీప్నీ దిగినప్పటిలా, అచ్చం అలాగే, ఆ తేలికతనాన్ని గుర్తుపట్టి భయపడింది. పక్క కుర్చీ ఖాళీగా ఉంది. ఉన్యో అందరికీ ఎదురు నడుస్తున్నాడు, తలుపు వైపు కాదు, మేడమ్ బల్ల వైపు, సంచీ రెండు చేతుల్తో పట్టుకుని. "మేడమ్, ఒక్క మాట. వచ్చేవారం చూడక్కర్లేదు మేడమ్, అది నేనే..."

"వాడు కాదు" అంది గ్లైడెల్.

కూర్చునే అంది. తన గొంతు తనకే కొత్తగా ఉంది, అట్ట చింపినట్టు. "వాడు కాదు మేడమ్. చెరిపింది నేను. సోమవారం పొద్దున, నా ఫోన్లో." చివరి మాట నోట్లో ఉండగానే నెత్తి మీద గొట్టంలైట్లు రెప్పలార్చాయి, ఏసీ ఒళ్ళు విరుచుకుంది, మిషన్లన్నీ ఒక్కసారి కూతపెట్టాయి, గుమ్మంలో ఉన్నవాళ్ళు, వరండాలో ఉన్నవాళ్ళు, పక్క గదివాళ్ళు, రోడ్డు అవతల టీకొట్టు దాకా అందరూ "హేయ్!" అని చప్పట్లు చరుస్తూ అరిచారు, కరెంటు వచ్చినప్పుడు ఎప్పుడూ అరిచేటట్టే. ఆమె మాట ఆ అరుపులో ఉప్పులా కరిగిపోయింది. "రండి రండి, కూర్చోండి, వచ్చేసింది" అంటోంది మేడమ్ అందరినీ లోపలికి పిలుస్తూ. జెరిక్ తిట్టుకుంటూ వస్తున్నాడు. "గ్లైడెల్, ఏదో అన్నావు? ఈ గోలలో వినపడలేదు."

ఏం లేదు మేడమ్. ఎంత సులువు మాట. నాలుక మీద అప్పుడే తయారుగా ఉంది.

కానీ ఉన్యో విన్నాడు. గదికి అటు చివర మేడమ్ బల్ల దగ్గర నిలబడి ఉన్నవాడు, మేడమ్‌కి వినపడనిది వాడికి వినపడింది. అడివిలో పెరిగిన చెవులు. మెల్లిగా నడిచొచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. ఆమె వైపు చూడలేదు. కోపంగా చూస్తే బావుండేది. తిడితే ఇంకా బావుండేది. వాడు తన చేతులు చూసుకుంటున్నాడు. రెండూ ఒళ్ళో పెట్టుకుని, ముందు అరచేతులు, తర్వాత తిప్పి వెనకవైపు, గోళ్ళు, గోళ్ళ సందుల్లో కొండమట్టి, ఎవరో అడిగి తీసుకెళ్ళిన వస్తువు తిరిగిచ్చేస్తే ఎక్కడైనా విరిగిందేమోనని చూసుకున్నట్టు.

గ్లైడెల్ లేచి నిలబడింది. వెలుగు. అందరి మొహాలూ కనపడుతున్నాయి, తన మొహం అందరికీ కనపడుతోంది, దాచుకోవడానికి అంగుళం చీకటి కూడా లేదు. "చెరిపింది నేను మేడమ్" అంది మళ్ళీ. "అందరిదీ ఒకటే పేపరని నాకు తెలియదు. తెలిశాక కూడా చెప్పలేదు. ఉన్యో చేశాడని అనుకోనిచ్చాను." నాలుగు రోజులు గొంతులో ఉన్నది ఇంత చిన్నదా? ఇంతేనా? ఎవరూ నవ్వలేదు. షైరా ఫోను తిరగేసి బల్ల మీద పెట్టింది. ఆ గుండె బొమ్మ, అనుకుంది గ్లైడెల్. ఈ క్షణాన పిచ్చిగా అదొక్కటే గుర్తొచ్చింది.

మేడమ్ కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుంది. "సరే" అంది. "అందరూ మిషన్లు ఆన్ చెయ్యండి. పోయినదాన్ని వెనక్కి ఎలా తెచ్చుకోవాలో నేర్చుకుందాం. గ్లైడెల్, కూర్చో."

కూర్చోలేకపోయింది. నిలబడే ఉంది, బల్ల అంచు పట్టుకుని. పక్కన ఉన్యో కంప్యూటరు నల్లగా ఉంది. వాడి చెయ్యి ఒళ్ళోంచి లేచింది, బొత్తాం దాకా వెళ్ళింది, అక్కడ ఎప్పటిలాగే ఆగింది. గ్లైడెల్ ఎదురుచూసింది. తనకి తెలియకుండానే తల కూడా వాడివైపు వంచింది, వాడు తిరిగి చూసి అడుగుతాడని, అడిగితే నొక్కరా అందామని, ఆ ఒక్కమాట అనడానికి తన ప్రాణమంతా గొంతులోకి తెచ్చుకుని.

వాడు తిరగలేదు. అడగలేదు. నొక్కాడు.